వస్తువు మ్యూజియంలో, వివరం నానీ నోట

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండు గంటలు కావస్తుండగా గదులన్నీ ఒక్కసారిగా పలుచబడతాయి. జనమంతా సంగీత గడియారం ఎదుటికి చేరుకుంటారు. గడియారంలోని చిన్న తలుపు తెరచుకుంటుంది. ఒక బొమ్మ మనిషి బయటికి వచ్చి పన్నెండు పర్యాయములు గంట మ్రోగించి లోపలికి వెళ్ళిపోతాడు. పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దలు ఫోన్లు పైకెత్తి చిత్రీకరిస్తారు. పిమ్మట ముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం వద్ద కొంతసేపు నిలుస్తారు. ఆ రెండూ చూచిన తరువాత నడక వేగం హెచ్చుతుంది. మిగిలిన గదులలో కాళ్ళు నడుస్తాయే తప్ప కన్నులు ఆగవు.

మేము మద్రసా విద్యార్థులను వెంటబెట్టుకొని ఈ మ్యూజియానికి పలుమార్లు వెళ్ళి ఉన్నాము. ప్రతి పర్యాయమూ ఇదే దృశ్యం. ఇందులో పిల్లల తప్పు ఉన్నదని మేము భావించము. అద్దాల బీరువాలో ఒక వస్తువు, దాని ప్రక్కన ఒక చిన్న చీటీ. చీటీ మీద వస్తువు పేరు, ఏ లోహము, ఏ ఊరు, ఏ శతాబ్దము అని నాలుగు ముక్కలు. అవి పండితులు శ్రమించి నిర్ణయించిన సత్యములే. వాటిని తక్కువ చేయుట మా ఉద్దేశ్యము కాదు. అయితే ఆ వస్తువు ఇంటిలో ఏ మూల ఉండేదో, దాని మూత తీసే హక్కు ఎవరికి ఉండేదో, ఏ వేళ అది అవసరమయ్యేదో చీటీ చెప్పదు. పన్నెండేండ్ల బాలునికి కావలసినది మాత్రం అదే.

ఈ మ్యూజియంలోని వస్తువులు ప్రధానంగా ఒకే వంశం వారు కూడబెట్టినవి. మూడవ సాలార్‌జంగ్ నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ వివాహము చేసికొనలేదు. 1949లో ఆయన మరణించిన పిదప ఆ సేకరణ 1951 డిసెంబరులో దీవాన్ దేవిడీలో ప్రజల సందర్శనార్థం తెరువబడినది. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న నేటి భవనానికి తరలినది. ఈ చరిత్ర తెలిసినవారు కూడా "నవాబుల సొమ్ము కదా, మనకేమి సంబంధం?" అనుకొని ముందుకు సాగిపోవుట కద్దు. కాని బిద్రీ పనితనం గల వస్తువుల వద్ద ఒక నిమిషం నిలిచి చూడండి. పాన్‌దాన్, హుక్కా కుండ, చిన్న చిన్న డబ్బీలు. నవాబు ఇంట జస్తా, రాగి కలిపిన నల్లని లోహం మీద వెండి తీగ పొదిగినవి. మన తాతల ఇండ్లలో అవే వస్తువులు రాగివో ఇత్తడివో ఉండేవి. పని ఒకటే, హంగు వేరు.

కొన్నేండ్ల క్రితం ఒక యాత్రలో మా విద్యార్థి ఒకని నానీ కూడా మాతో వచ్చినారు. డెబ్బది దాటిన వయసు. నల్లగొండ జిల్లాలోని ఒక పల్లెలో పుట్టి పెరిగిన ఆమెకు ఉర్దూ ఎంత ధారాళమో తెలుగూ అంతే. గడియారం వద్ద ఆమెకు ఆసక్తి కలుగలేదు. "గంట కొట్టడానికి మనిషెందుకు మౌల్వీసాబ్, మా ఊరి బడిలో పట్టా ముక్క చాలేది" అని నవ్వి ఊరుకున్నారు. అయితే బిద్రీ పాన్‌దాన్ ఎదుటికి రాగానే ఆగిపోయినారు. మనుమడు చేయి పట్టి లాగినా కదలలేదు.

"ఇది రోజూ వాడినది కాదురా" అన్నారు ఆమె. "పెండ్లిలో నలుగురికీ చూపడానికి చేయించినది. రోజూ వాడేది రాగిది, లోపల కళాయి పూసినది. సున్నం కళాయిని తినేస్తుంది. అందుకే ఏడాదికి రెండుసార్లు కళాయివాడు వచ్చేవాడు. మా దాదీ పాన్‌దాన్‌లో సున్నం గిన్నె ఒక్కటే మిగతావాటికన్నా పలుచగా అరిగిపోయి ఉండేది."

ఆ మాటతో మా పిల్లలు పదిమంది ఆమె చుట్టూ మూగినారు. ఆమె అద్దం మీద వ్రేలు ఆనించకుండా గాలిలోనే ఒక్కొక్క గిన్నెను చూపుతూ చెప్పసాగినారు. ఇందులో కాచు, ఇందులో సున్నం, ఇందులో కత్తిరించిన వక్క, ఇందులో లవంగాలు, యాలకులు. పై తట్టలో తడిగుడ్డలో చుట్టిన ఆకులు. అడకత్తెర లోపల పట్టదు, ప్రక్కన ఉండేది. ఇంటికి కోడలు క్రొత్తగా వస్తే మొదటి నెలలు ఆమె పాన్ చుట్టదు, అత్తగారు చుట్టి ఇస్తుంది. ఎన్నడు అత్తగారు పాన్‌దాన్‌ను కోడలి వైపు జరుపుతుందో ఆనాడు ఇల్లు కోడలి చేతికి వచ్చినట్లు.

"గిన్నెల క్రింద ఏముండేది నానీ?" అని ఒక బాలుడు ప్రశ్నించినాడు. మంచి ప్రశ్న. ఆమె కొంత తడవు మౌనంగా ఉండి, "పైసలు" అన్నారు. గిన్నెలున్న పళ్ళెం ఎత్తితే అడుగున గుడ్డలో మూటగట్టిన నాణెములు. గ్రుడ్లు అమ్మినవి, కుట్టుపనికి వచ్చినవి, పుట్టింటివారు చేతిలో పెట్టినవి. ఈద్ నాడు పిల్లలకు ఈదీ అందులోనుండే వచ్చేది. ఒక వానాకాలం ఆమె తాతగారికి జ్వరం తీవ్రమైనప్పుడు పట్నం ఆసుపత్రికి బండి కిరాయి కూడా అందులోనుండే వచ్చినదట. "ఆ పెట్టె మీద మా తాత సైతం చేయి వేసేవాడు కాదు" అని ఆమె గర్వంగా చెప్పినారు.

ఈ సంగతి విన్నప్పుడు మాకు ఒక పాత వ్యాజ్యం జ్ఞప్తికి వచ్చినది. 'ఖర్చె పాన్‌దాన్' అనే మాట మన పూర్వుల వివాహ ఒప్పందములలో ఉండేది. పాన్ ఖర్చు అని దాని అక్షరార్థము. వాస్తవమునకు భార్య తన ఇష్టానుసారం వెచ్చించుకొనుటకు కట్టుబడి ఇవ్వవలసిన భత్యము అది. ఉత్తర భారతంలో హుసైనీ బేగం అనే మహిళకు ఆమె మామగారు ఖ్వాజా ముహమ్మద్ ఖాన్ 1877లో నెలకు 500 రూపాయల చొప్పున ఖర్చె పాన్‌దాన్ ఇచ్చెదనని వ్రాసి ఇచ్చినారు. ఒప్పందము పిల్లవాని తండ్రికి, పిల్ల తండ్రికి మధ్య జరిగినది. కనుక కోడలికి దావా వేసే హక్కు లేదని ఆయన పక్షము వాదించినది. వ్యాజ్యం లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ వరకు వెళ్ళినది. 1910లో తీర్పు హుసైనీ బేగం పక్షాన వచ్చినది. ఒప్పందములో తాను సంతకము చేయకున్నా, దాని ప్రయోజనము తనకే ఉద్దేశింపబడినది గనుక ఆమె అడుగవచ్చునని న్యాయమూర్తులు నిర్ణయించినారు. నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులు ఆ తీర్పును చదువుచున్నారు.

ఇప్పుడు ఆ బీరువా వైపు తిరిగి చూడండి. చీటీ చెప్పేది లోహము, ఊరు, శతాబ్దము. ఆ పెట్టె ఒక స్త్రీ ఆర్థిక స్వాతంత్ర్యమునకు గుర్తు అని, ఇంటి అధికారము చేతులు మారుటకు సాక్షి అని తెలిపినది ఎవరు? బడి ముఖము చూడని ఒక వృద్ధురాలు. మన స్త్రీల చరిత్ర చాలా భాగం కాగితము మీదికి ఎక్కలేదు. అది ఇటువంటి గిన్నెల అడుగున ఉన్నది. చెప్పేవారు ఉన్నంత కాలమే ఉంటుంది.

అయితే జ్ఞాపకములన్నిటినీ ఒకే త్రాసులో తూచరాదు. హదీసు విద్యార్థికి మేము మొదట నేర్పునది ఇదే. మాట కంటె ముందు, ఆ మాట ఎవరి నుండి ఎవరికి చేరినదో చూడవలెను. చెప్పినవారు స్వయంగా చూచినారా, మరొకరి వద్ద విన్నారా, వారి జ్ఞాపకశక్తి ఎటువంటిది అని విచారింపవలెను. మా నానీగారు కళాయి గిన్నె గురించి ఎంత ధృఢంగా చెప్పినారో, నిజాం ప్రభువు తన పాన్‌దాన్‌లో వజ్రమును దాచుకొనేవారని కూడా అంతే ధృఢంగా చెప్పినారు. ఎవరు చెప్పినారని అడిగితే తన మామూజాన్ అన్నారు. మామూజాన్‌కు ఎవరు చెప్పినారో తెలియదు. మేము పిల్లలతో నోటు పుస్తకంలో రెండు వరుసలు వేయించినాము. ఒక వరుసలో 'చూచినది', రెండవ వరుసలో 'విన్నది'. వజ్రము రెండవ వరుసలోకి వెళ్ళినది. విన్నదానిని పారవేయవలసిన పని లేదు. ప్రజలు ఒక ప్రభువును గూర్చి ఏమని చెప్పుకొన్నారో తెలియుట కూడా చరిత్రయే. కాని దాని స్థానము దానికి ఉండవలెను.

ఆ నానీగారు తరువాతి చలికాలంలో అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. ఆమె దాదీ పాన్‌దాన్ ఏనాడో పాత సామానువానికి తూకానికి పోయినది. మిగిలినవి మనుమని పుస్తకంలోని రెండున్నర పుటలు.

జ్ఞాపకములు ఒక మ్యూజియానికి అదనపు అలంకారము మాత్రమే కాదు, పునాది కూడా కాగలవని చూపిన ఊరు ఒకటి ఉన్నది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరము. అక్కడ 1867లో నగరపు ఆరవ పురపాలక విభాగముగా ఏర్పడిన పేటకు 'డిస్ట్రిక్ట్ సిక్స్' అనే పేరు నిలిచిపోయినది. బానిసత్వము నుండి విడుదలైనవారు, వారి సంతతి, కేప్ మలయ్ ముస్లిములు, భారతదేశము నుండి వెళ్ళిన వర్తకులు, యూదులు, రేవు కూలీలు, దర్జీలు అక్కడ కలిసిమెలిసి జీవించినారు. 1966 ఫిబ్రవరి 11న వర్ణవివక్ష ప్రభుత్వము ఆ పేటను శ్వేతజాతీయులకు మాత్రమే ప్రత్యేకించినది. తరువాతి పదునైదేండ్ల పైచిలుకు కాలములో 60,000 మందికి మించి ప్రజలను ఊరి వెలుపలి ఇసుక నేలలకు తరలించినారు. వారి ఇండ్ల మీద బుల్‌డోజర్లు నడచినవి. మసీదులను, చర్చిలను కూల్చలేదు. మ్యూయిర్ వీధిలోని జీనతుల్ ఇస్లామ్ మసీదు నేటికీ నిలిచి ఉన్నది. చుట్టూ ఇండ్లు లేకపోయినా నమాజుకు పాత నివాసులు దూరపు పేటల నుండి అక్కడికే వచ్చేవారు.

1994 డిసెంబరులో, ఆ దేశములో క్రొత్త ప్రభుత్వము ఏర్పడిన కొద్ది నెలలకే, ఒక మెథడిస్టు చర్చి భవనములో డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం తెరువబడినది. ప్రదర్శించుటకు వారి వద్ద వజ్రములు లేవు, పాలరాతి విగ్రహములు లేవు. ఉన్నవి వీధుల పేర్ల పలకలు. కూల్చివేత పనిలో ఉన్న ఒక అధికారి వాటిని సముద్రములో పారవేయవలసి ఉండగా, పారవేయక తన ఇంట దాచి ఉంచినాడు. మొదట కొద్ది వారములకని తలపెట్టిన ఆ ప్రదర్శన పేరే 'వీధులు'. నేల మీద పేట యొక్క పెద్ద పటమును చిత్రించినారు. పాత నివాసులు వచ్చి తమ వీధిని వెదకికొని, మోకాళ్ళ మీద కూర్చొని, తమ ఇల్లు ఉండిన చోట పేరు వ్రాసినారు. ఒక తెల్లని గుడ్డ పరచి ఉంచగా దాని మీద జ్ఞాపకములు వ్రాసినారు. తరువాత ఆ అక్షరముల మీద దారముతో కుట్టినారు. సందర్శకులు సేకరణను చూచుటకు వచ్చినవారు కారు. వారు వచ్చుటయే సేకరణ అయినది.

ఆ మ్యూజియంలో త్రోవ చూపేవారు కూడా ఆ పేటవారే. వారిలో నూర్ ఇబ్రాహీం అనే ముస్లిం పెద్దమనిషి తన అనుభవమును గ్రంథముగా కూడా వెలువరించినారు. ఆయన చెప్పే పావురముల సంగతి కేప్‌టౌన్ వెళ్ళినవారు ఎందరో విన్నారు. ఆయన పందెపు పావురములను పెంచేవారు. కేలడన్ వీధిలోని ఇల్లు విడిచి మరొక పేటకు మారవలసి వచ్చినప్పుడు వాటిని వెంట తీసికొనిపోయి, క్రొత్త తావు అలవాటు కావలెనని కొన్ని నెలలు గూటిలోనే ఉంచినారు. ఒకనాడు వదలినారు. సాయంత్రమునకు ఒక్కటీ తిరిగి రాలేదు. మరునాడు పనికి పోతూ పాత వీధి మీదుగా వెళ్ళగా, కూల్చిన తమ ఇంటి ఖాళీ స్థలములో పావురములన్నీ వ్రాలి ఉన్నవి.

వర్ణవివక్ష చట్టములను గూర్చి మేము తరగతిలో ఎన్నో పర్యాయములు బోధించి ఉన్నాము. ఏ సంవత్సరములో ఏ చట్టము వచ్చినదో పిల్లలు కంఠస్థము చేసి మరచిపోతారు. పావురముల సంగతి చెప్పిన తరగతిలో మాత్రము ఒకడు లేచి, "ఉస్తాద్, ఆ మనిషి పావురాలను మళ్ళీ పట్టుకున్నాడా?" అని అడిగినాడు. ఆ వెనుక "వాళ్ళను ఎందుకు పంపేశారు?" అని మరొకడు. చట్టము వద్దకు వాడే నడిచి వచ్చినాడు.

ఒక జాగ్రత్త ఇక్కడ కూడా అవసరము. పోగొట్టుకొన్న ఊరు జ్ఞాపకములో తియ్యబడుతుంది. డిస్ట్రిక్ట్ సిక్స్‌లో ఇరుకు గదులు, పేదరికము, రౌడీ ముఠాలు కూడా ఉండినవి. 1901లోనే నల్లజాతివారిని అక్కడి నుండి మొదటిసారి వెళ్ళగొట్టినారు. అందరూ కలిసి పాడుకొన్నాము, అందరూ కలిసి తిన్నాము అనే మాటల మధ్య ఈ సంగతులకు కూడా చోటు ఉండవలెను. అయినప్పటికీ ఆ నేల మీది పటము కేవలము కన్నీటి సామగ్రి కాలేదు. ఎవరి ఇల్లు ఎచ్చట ఉండెనో చెప్పగలవారు ఒకచోట చేరినందున, భూమిని తిరిగి కోరే హక్కుల వాదనకు అది బలము చేకూర్చినది. 2004 ఫిబ్రవరి 11న, సరిగా 38 ఏండ్లకు, నెల్సన్ మండేలా ఇద్దరు వృద్ధులకు క్రొత్త ఇండ్ల తాళపు చెవులు అందించినారు. వారిలో ఒకరు 87 ఏండ్ల ఇబ్రాహీం మురాత్, మరొకరు 82 ఏండ్ల డాన్ న్జబేలా. ఆ తరువాత తిరిగివచ్చినవారి సంఖ్య ఆశించినంత లేదు. నేల చాలా వరకు ఖాళీగానే ఉండిపోయినది.

బ్రిటన్‌లోని లివర్‌పూల్ నగర మ్యూజియములవారు ఇదే పనిని మరొక అవసరమునకు వినియోగించినారు. వయసు మీరి మతిమరుపు వ్యాధికి లోనైనవారిని చూచుకొనేవారికి 2012 నుండి వారు శిక్షణ ఇచ్చుచున్నారు. పాత కాలపు వస్తువులను పెట్టెలలో సర్ది వృద్ధాశ్రమములకు పంపుతారు. ఫోన్‌లో చూచుకొనే చిత్రముల ఏర్పాటు కూడా చేసినారు. ఆ నగరములో తరతరములుగా స్థిరపడిన యెమెన్ దేశపు అరబ్బు కుటుంబముల పెద్దల కొరకు వారి వస్తువులను, వారి భాషను కూడా అందులో చేర్చినారు. నిన్నటి భోజనమును మరచినవారు కూడా చిన్ననాటి సబ్బు వాసనను, కాఫీ కాచే పాత్రను గుర్తుపట్టుట ఇంట పెద్దలున్న ప్రతివారికీ అనుభవమే. మందు కాదిది, వ్యాధి తగ్గదు. ఆ అరగంట మాత్రము మనుమనికి దాదా తిరిగి దొరుకుతాడు.

మన వద్ద ఇందుకు పెద్ద ఏర్పాట్లు ఏమియు అక్కరలేదు. ఇంటిలోని పెద్దలను ఒకరిని వెంటబెట్టుకొని వెళ్ళండి. మ్యూజియం అంతయు తిప్పవలెనని సంకల్పించకండి, మోకాళ్ళు సహకరించవు. రెండు గదులు చాలును. గడియారము ఎదుట కూర్చుండుటకు చోటున్నది, మొదట అక్కడ సేద తీరనివ్వండి. ఆ పిదప బిద్రీ పనులు గాని, పాత వస్త్రములు గాని, చేతివ్రాత ఖురాన్ ప్రతులు గాని చూపండి. ప్రతుల వద్ద మేము చూచిన ఒక వింత ఏమనగా, పెద్దలు మొదట బంగారు నగిషీని చూడరు. అక్షరములను చదువనారంభిస్తారు. ఆయతును గుర్తుపట్టగానే తమకు ఓనమాలు దిద్దించిన ఉస్తాదు పేరు వారి నోట వస్తుంది. అక్కడి నుండి బెత్తము సంగతి, బెత్తము నుండి సహపాఠుల సంగతి. మూడు వందల ఏండ్ల నాటి ప్రతి ఒక పల్లె మక్తబు వరకు దిగి వస్తుంది.

పిల్లలకు ప్రశ్నలు వేయుట ముందే నేర్పండి. "ఇది ఏమిటి?" అని అడిగితే పెద్దలకు పరీక్ష పెట్టినట్లుంటుంది. తెలియకపోతే చిన్నబోతారు. "ఇటువంటిది మన ఇంట ఎక్కడ ఉండేది?" అని అడిగితే చేయి దానంతటదే లేచి మూల చూపుతుంది. "ఎవరు ముట్టుకోకూడదు?" అన్న ప్రశ్నకు ఇంటి రాజ్యాంగమంతా బయటపడుతుంది. సమాధానము మధ్యలో తొందరపెట్టరాదు. సవరించరాదు. దుఃఖము కలిగించే సంగతి వచ్చి వారు ఆగిపోతే అక్కడితో విడిచిపెట్టండి. దేశ విభజన, పోలీసు చర్య, వరదలు, అకాల మరణములు మన పెద్దల జ్ఞాపకములలో గిన్నెల ప్రక్కనే ఉన్నవి. వాటిని త్రవ్వితీయుట పిల్లల పని కాదు.

వ్రాయునపుడు చెప్పినవారి పేరు, వారి ఊరు, వ్రాసినవారి పేరు, తేదీ తప్పక ఉండవలెను. చూచినది వేరు, విన్నది వేరు. గొంతును ఫోన్‌లో భద్రపరచుట మంచిదే, కాని ఫోన్లు మారుతాయి, పోతాయి. కాగితము మీద కూడా ఉండనివ్వండి. ఆ కాగితపు నకలు ఒకటి మ్యూజియం వారికి ఇవ్వండి. ప్రతి పాన్‌దాన్ ప్రక్కన ఒక నానీ మాట ఉండే రోజు వస్తే, చీటీలు వ్రాసే పండితులకు అది ఉపకారమే అవుతుంది గాని పోటీ కాదు.

సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారము సెలవు. పాఠశాలల రద్దీ లేని దినమున, ఉదయము పది గంటలకే వెళ్ళిన యెడల, గడియారము జనము చేరేలోపు పెద్దలు రెండు గదులు తీరికగా చూడగలరు.